ఇటలీలో చదువుకుంటూ కళను, వస్త్ర సంప్రదాయాన్ని, జనజీవితాన్ని దగ్గరగా తెలుసుకోవడం ఎలా

ఇటలీకి విహారయాత్రకు వచ్చేవారి దగ్గర డబ్బు ఉంటుంది కానీ వ్యవధి ఉండదు. చదువు కోసం వచ్చినవారి పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. వారం రోజుల్లో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చుట్టి రావాలనుకునే యాత్రికుడు ఒక చిత్రం ముందు రెండు నిమిషాలు నిలబడితే అదే ఎక్కువ. విద్యార్థి మాత్రం ఈ వారం చూసిన చిత్రాన్ని వచ్చే నెలలో మళ్లీ చూడవచ్చు, ఈలోగా తరగతిలో విన్న పాఠాన్ని దాని పక్కన పెట్టి ఆలోచించుకోవచ్చు, ఆ రోజు మనసు పట్టకపోతే బయటికి వచ్చేయవచ్చు. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క సౌలభ్యం మీద ఆధారపడినవే.

ముందు కాగితాల సంగతి తేల్చుకోవాలి. అక్కడివారు పెర్మెస్సో ది సోజోర్నో అని పిలిచే నివాస అనుమతి పత్రానికి ఇటలీలో అడుగుపెట్టిన 8 పని దినాల్లోగా దరఖాస్తు చేయాలి. ఆ ఫారాలు పోస్టాఫీసులోనే దొరుకుతాయి. ఈ పని పూర్తయ్యాక విశ్వవిద్యాలయం నుంచి ప్రస్తుత విద్యా సంవత్సరపు నమోదు ధ్రువపత్రాన్ని తీసుకుని, ఒక ప్రతిని ఎప్పుడూ సంచిలో ఉంచుకోవడం మంచిది. మ్యూజియం టికెట్ కిటికీ దగ్గర దాని విలువ తెలుస్తుంది.

మ్యూజియంలకు తక్కువ ఖర్చుతో వెళ్లడం

ప్రభుత్వ మ్యూజియంలలో 18 నుంచి 25 ఏళ్ల మధ్య వయసువారికి 2 యూరోల టికెట్ ఉందని చాలామంది చెబుతారు. అది ఐరోపా సమాఖ్య పౌరులకు ఉద్దేశించినది కాబట్టి, మన దేశపు పాస్‌పోర్టుతో వెళ్లినవారు దాని మీద ఆశ పెట్టుకోకూడదు. అయితే వాస్తుశిల్పం, సాంస్కృతిక సంపద పరిరక్షణ, కళాచరిత్ర, పురావస్తు శాస్త్రం వంటివి చదివేవారికీ, లలిత కళా అకాడమీల విద్యార్థులకూ ప్రభుత్వ మ్యూజియంలలో ఉచిత ప్రవేశం ఉంది. ఇక్కడ చూసేది విద్యాసంస్థలో నమోదునే గాని పౌరసత్వాన్ని కాదు. ఈ నిబంధన సంగతి కిటికీ దగ్గర అడిగితేనే తెలుస్తుంది. వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మిగతా విద్యార్థులకు ప్రతి నెలా మొదటి ఆదివారం ఉంది. ఆ రోజున ప్రభుత్వ మ్యూజియంలు, పురావస్తు స్థలాలు అందరికీ ఉచితం. ఆ ఆదివారాన్ని ఫ్లోరెన్స్‌లోని పేరుపొందిన చిత్రశాల ఉఫీజీ గ్యాలరీ ముందు వరుసలో నిలబడి ఖర్చు చేయడం నా దృష్టిలో తెలివైన పని కాదు. ఫ్లోరెన్స్‌లో అయితే శిల్పి దొనాతెల్లో చేసిన కంచు దావీదు విగ్రహం ఉన్న బార్జెల్లో మ్యూజియానికీ, రోమ్‌లో అయితే చక్రవర్తి అగస్టస్ భార్య లివియా ఇంటి గోడల మీద వేసిన తోట చిత్రాలు భద్రపరిచిన పలాత్సో మాస్సిమోకూ వెళ్లండి. వాటిలో రద్దీ తక్కువ, తృప్తి ఎక్కువ. వాటికన్ మ్యూజియంలు ఇటలీ ప్రభుత్వానికి చెందినవి కావు కాబట్టి వాటి ఉచిత దినం వేరు, అది నెలలో చివరి ఆదివారం. ఉఫీజీకి మాత్రం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, క్రిస్మస్ సెలవులు తప్పించి, ఏదైనా వారం మధ్యలో టికెట్ కొని వెళ్లడమే మేలు. సోమవారం అది మూసి ఉంటుంది.

కొన్ని చోట్ల ముందుగా సమయం కేటాయించుకోకపోతే లోపలికి పోనివ్వరు. మిలాన్‌లోని సాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠపు భోజనశాలలో లియొనార్దో 1495 నుంచి 1498 వరకు వేసిన ‘చివరి విందు’ను ఒక్కో చిన్న బృందానికి 15 నిమిషాలు మాత్రమే చూపిస్తారు. తడి సున్నం మీద త్వరత్వరగా వేసే పద్ధతిని పక్కనపెట్టి ఆయన పొడి గోడ మీద నిదానంగా రంగులు వేయడం వల్ల అవి గోడను పట్టుకోలేదు, ఆయన బతికుండగానే రాలడం మొదలైంది. 1978లో మొదలైన మరమ్మతు 1999లో గాని ముగియలేదు. పాదువాలోని స్క్రొవేన్యి ప్రార్థనాలయంలో జొత్తో కుడ్యచిత్రాలను చూడడానికి కూడా ముందు ఒక గదిలో కాసేపు కూర్చోవాలి. మన ఒంటితో, ఊపిరితో వచ్చే తేమ, దుమ్ము లోపలి గోడలకు సోకకుండా ఆ గదిలో గాలిని సరిచేస్తారు. రోమ్‌లోని బొర్గేసె గ్యాలరీలో ఒక్కో విడతకు రెండు గంటలు ఇస్తారు. ఈ మూడింటికీ టికెట్లు విడుదలయ్యే తేదీలను సెమిస్టరు మొదట్లోనే పరీక్షల తేదీల పక్కన రాసిపెట్టుకోవాలి.

లోపలికి వెళ్లాక ఒకే గదిని ఎంచుకోండి. ఫ్లాష్ లేకుండా సొంతానికి ఫొటోలు తీసుకోవడాన్ని 2014 నుంచి ప్రభుత్వ మ్యూజియంలలో అనుమతిస్తున్నారు, కానీ పెన్సిలుతో గీసుకుంటే ఫొటోలో దక్కనిది దక్కుతుంది. చేయి వేళ్లు ఎటు తిరిగాయో, వెలుగు ఏ పక్క నుంచి పడుతోందో గీస్తున్నప్పుడే కంటికి ఆనుతుంది. బొమ్మ బాగా రాకపోయినా నష్టం లేదు.

రోమ్‌లో మ్యూజియం టికెట్టే అక్కర్లేని గొప్ప చిత్రాలు చర్చిల్లో ఉన్నాయి. కరవాజ్జో వేసిన ‘మత్తయికి పిలుపు’ సాన్ లుయీజి దేయి ఫ్రాంచేజి చర్చిలోనూ, పేతురు శిలువ చిత్రం సాంతా మరియా దెల్ పొపొలోలోనూ, లొరేతో మాత చిత్రం సాంత్ అగుస్తీనోలోనూ ఇప్పటికీ తాము పుట్టిన గోడల మీదే వేలాడుతున్నాయి. నడిచి తిరిగితే ఒక్క ఉదయంలో మూడూ చూడవచ్చు. ప్రార్థనాలయం చీకటిగా ఉంటే పక్కనున్న పెట్టెలో నాణెం వేసి దీపం వెలిగించుకునే ఏర్పాటు చాలా చర్చిల్లో ఉంటుంది, కాబట్టి చిల్లర దగ్గర ఉంచుకోవాలి. భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. మధ్యాహ్నం కొన్ని గంటలు తలుపులు మూసేస్తారు. పూజ జరుగుతున్నప్పుడు చిత్రాల కోసం తిరగడం మర్యాద కాదు.

గుడ్డ వెంట నడిస్తే

ఫ్యాషన్ అనగానే మిలాన్ అద్దాల కిటికీలు గుర్తుకు రావడం సహజమే గాని, ఆ కథ ఫ్లోరెన్స్‌లో ఉన్ని బేళ్ల దగ్గర మొదలవుతుంది. ఆ నగరపు కళకు డబ్బు పెట్టినవారిలో వస్త్ర వ్యాపారులు ముఖ్యులు. ప్రధాన చర్చి నిర్మాణ బాధ్యతను చూసింది ఉన్ని వర్తకుల సంఘం. వాస్తుశిల్పి బ్రునెల్లెస్కి 1419లో మొదలుపెట్టిన అనాథ శరణాలయానికి ఖర్చు భరించింది పట్టు వర్తకుల సంఘం. ఓర్సాన్‌మికేలె భవనం చుట్టూ ఉన్న గూళ్లలో ఒక్కో వృత్తి సంఘం తన రక్షక సాధువు విగ్రహాన్ని నిలబెట్టించుకుంది. మొదటి వారంలోనే ఆ భవనం చుట్టూ ఒకసారి నడిచి, ఏ విగ్రహం ఏ వృత్తివారిదో తెలుసుకుంటే, తర్వాత ఏ మ్యూజియానికి వెళ్లినా చిత్రంలోని బట్ట మీదకి చూపు దానంతట అదే పోతుంది.

దీనికి ఒక మంచి అభ్యాసం ఉంది. ఉఫీజీలో బ్రొంజీనో 1545 ప్రాంతంలో వేసిన ఎలియొనోరా దీ తొలేదో చిత్రపటం ఉంది. ఆమె ఫ్లోరెన్స్ పాలకుడు మొదటి కోసిమో దె మెడిచి భార్య. పక్కన చిన్న కొడుకు, ఒంటి మీద తెల్లటి పట్టుపై నల్లని, బంగారు రంగు నేతతో బరువైన గౌను. ఆ గౌను ముందు పావుగంట నిలబడి, మడత పడినచోట నేత ఎలా విరిగిందో గమనించండి. తర్వాత ఆర్నో నది దాటి, 1549లో ఆమె హయాంలోనే కొన్న పిత్తి ప్రాసాదానికి వెళ్లండి. 1562లో మరణించిన ఎలియొనోరాను సమాధి చేసినప్పటి దుస్తుల అవశేషాలు అక్కడి వస్త్ర, ఫ్యాషన్ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. అది చిత్రంలోని గౌను కాదు, వేరొకటి. కానీ ఒకే మనిషి దుస్తులను రంగుల్లోనూ, అసలు దారాల్లోనూ ఇంత దగ్గర దగ్గరగా చూసే వీలు చాలా అరుదు. అలాంటి పాత వస్త్రాలను వెలుతురు పాడు చేస్తుంది గనుక ప్రదర్శనలో మార్పులు చేస్తుంటారు. బయలుదేరే ముందు ఏవి చూపిస్తున్నారో కనుక్కోవాలి.

ఆధునిక ఇటాలియన్ ఫ్యాషన్ జాతకం మారినదీ అదే ప్రాసాదంలోనే. జొవాన్ని బత్తిస్త జొర్జీని అనే వ్యాపారి 1951 ఫిబ్రవరిలో ఫ్లోరెన్స్‌లోని తన ఇంట్లో అమెరికన్ కొనుగోలుదారుల కోసం ఇటాలియన్ దుస్తుల ప్రదర్శన పెట్టాడు. పారిస్ మాటే వేదంగా నడిచిన కాలం అది. ఆ ప్రయత్నం ఫలించడంతో 1952 నుంచి ప్రదర్శనలు పిత్తి ప్రాసాదపు తెల్ల గదికి మారాయి. నేటికీ పురుషుల దుస్తుల మేళా పిత్తి ఉఓమో జనవరి, జూన్ నెలల్లో ఫ్లోరెన్స్‌లోని ఫొర్తెత్స దా బాస్సో కోటలో జరుగుతుంది. లోపలికి వ్యాపారులకే ప్రవేశమైనా, కోట బయటి వీధిలో నిలబడి వచ్చేపోయేవారి కోటు భుజాలను, ప్యాంటు పొడవును, బూట్ల రంగును గమనించడం ఉచితమే.

అక్కడికి నడక దూరంలోనే, స్పీని ఫెరోని భవనంలో, ఫెర్రగామో మ్యూజియం ఉంది. ఇథియోపియా మీద దాడి చేసినందుకు 1935లో ఇటలీపై ఆంక్షలు పడి బూటు అడుగున ఊతంగా పెట్టే మంచి ఉక్కు దొరకనప్పుడు బూట్ల రూపకర్త సాల్వతోరె ఫెర్రగామో మడమ కింద బెండు వాడి, అడుగు ఒకే దిమ్మలా ఉండే వెడ్జ్ బూట్లు తయారు చేశాడు. కొరత నుంచి రూపం ఎలా పుడుతుందో డిజైన్ విద్యార్థికి ఇంతకన్నా బాగా చెప్పే వస్తువు మరొకటి కనబడదు. సాంతా క్రోచె చర్చి వెనుక ఉన్న తోలు పాఠశాలను రెండో ప్రపంచ యుద్ధంలో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు పని నేర్పడానికి ఫ్రాన్సిస్కన్ సన్యాసులు 1950లో రెండు తోలు వ్యాపార కుటుంబాలతో కలిసి ప్రారంభించారు. అక్కడ పనివారిని దగ్గర నుంచి చూడవచ్చు. రైల్లో అరగంట లోపే చేరగల ప్రాతోలో పాత ఉన్ని బట్టలను చింపి మళ్లీ నూలుగా వడికే పరిశ్రమ ఉంది, పాత మిల్లులో ఏర్పాటైన వస్త్ర మ్యూజియం ఉంది. మిలాన్‌లో చదివేవారైతే కోమోకు వెళ్లి పట్టు మ్యూజియం చూడవచ్చు. బ్రాండు పేరు కన్నా ముందు బట్ట ఎక్కడిదో తెలుసుకోవాలన్నది నా అభిప్రాయం.

మిలాన్ ఫ్యాషన్ వారాల్లో మహిళల దుస్తులవి ఫిబ్రవరి, సెప్టెంబరు నెలల్లో వస్తాయి. ఆహ్వానం లేనిదే ప్రదర్శనలోకి వెళ్లలేరు. ఫ్యాషన్ విద్యాసంస్థల ద్వారా తెర వెనుక మోడళ్లకు దుస్తులు తొడిగే సహాయకులుగా విద్యార్థులకు పని దొరుకుతూ ఉంటుంది; బయట నిలబడి వందసార్లు చూసినదానికన్నా అక్కడ గుండీలు పెడుతూ నేర్చుకునేది ఎక్కువ. విద్యార్థి అనుమతి మీద వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. మిగతా రోజుల్లో, పూర్వం ధాన్యం నిల్వ చేసిన కట్టడంలో 2015లో తెరిచిన ఫ్యాషన్ మ్యూజియం అర్మానీ సిలోస్‌నూ, అదే ఏడు పాత మద్యం బట్టీ ఆవరణలో ప్రారంభమైన కళాకేంద్రం ఫొందత్సియోనె ప్రాదానూ చూడండి. ఖరీదైన బ్రాండ్లకు పేరుపొందిన మోంతెనపొలెయోనె వీధి దుకాణాల్లోకి కొనే ఉద్దేశం లేకుండా వెళ్లడానికి మొహమాటపడనక్కర్లేదు. లోపలికి అడుగుపెడుతూనే ‘బొన్‌జోర్నో’ అని పలకరించి, వస్తువును ముట్టుకునే ముందు అడిగితే చాలు.

ఊరివారితో కలవడం

ఏప్రిల్‌లో మిలాన్ ఫర్నిచర్ మేళా జరిగే వారమంతా నగరంలోని ప్రాంగణాలు, పాత కర్మాగారాలు, విశ్వవిద్యాలయ ఆవరణలు డిజైన్ ప్రదర్శనలతో నిండిపోతాయి, వాటిలో చాలావరకు ఉచితం. మార్చిలోనూ, అక్టోబరులోనూ చారిత్రక కట్టడాలను పరిరక్షించే ఫాయి సంస్థ నిర్వహించే వారాంతాల్లో మామూలుగా మూసి ఉండే ప్రాసాదాలు, గ్రంథాలయాలు తెరుస్తారు. స్థానిక పాఠశాల విద్యార్థులే చాలాచోట్ల వివరించి చెబుతారు కాబట్టి భాష సాధన కూడా అవుతుంది. వెనిస్ బియెన్నాలె కళా ప్రదర్శన 2022 నుంచి సరి సంవత్సరాల్లో, వాస్తుశిల్ప ప్రదర్శన బేసి సంవత్సరాల్లో వస్తున్నాయి. రెండింటికీ విద్యార్థి రాయితీ ఉంటుంది.

సంగీత నాటకం ఖరీదైనదని ముందే వదులుకోవద్దు. మిలాన్‌లోని ఒపెరా నాటకశాల లా స్కాలా డిసెంబరు 7న ఆ ఏటి కొత్త ప్రదర్శనలను ప్రారంభించడానికి కొద్ది రోజుల ముందు అదే నాటకాన్ని 30 ఏళ్ల లోపువారికి తక్కువ ధరకు ప్రదర్శిస్తుంది. టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి. వేసవిలో వెరోనాలోని రోమన్ రంగస్థలంలో 1913 నుంచి ఒపెరాలు ఆడుతున్నారు. రాతి మెట్ల మీది చోటు చవక, కింద వేసుకోవడానికి మెత్తటి దిండు తీసుకువెళ్లాలి.

సియెనాలో జులై 2, ఆగస్టు 16 తేదీల్లో జరిగే పాలియో గుర్రపు పందెం యాత్రికుల కోసం పెట్టిన వేడుక కాదు. నగరంలోని 17 పేటల్లో పదింటి గుర్రాలు పరుగెత్తుతాయి, ఓడిన పేటలో పెద్దలు సైతం కన్నీళ్లు పెట్టుకుంటారు. చౌకు మధ్యలో నిలబడి చూడడం ఉచితమే గాని, ఎండలో గంటల తరబడి బయటికి రాలేని పరిస్థితి ఉంటుంది. పందెం ముందు రాత్రి పేటలవారు వీధుల్లో పెట్టుకునే విందుకు చోటు దొరికితే, పందెం కన్నా అదే ఎక్కువ నచ్చవచ్చు. ఆగస్టు 15 ప్రాంతంలో మిగతా నగరాల్లో వర్క్‌షాపులు, చిన్న దుకాణాలు చాలావరకు మూతపడతాయి కాబట్టి పనివారిని కలవాలనుకునే ప్రయాణాలను ఆ రోజుల్లో పెట్టుకోకూడదు.

రోజువారీ అలవాట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కాఫీని బల్ల దగ్గర కూర్చుని తాగితే ధర పెరుగుతుంది. కౌంటరు దగ్గర నిలబడి తాగేవారిలో చేరితే డబ్బు మిగులుతుంది, వారంలోపే కాఫీ పోసేవాడు మిమ్మల్ని గుర్తుపడతాడు.

దుస్తులు కొనాలనుకుంటే జనవరి మొదటి వారంలోనూ, జులై మొదట్లోనూ ఆరంభమయ్యే తగ్గింపు అమ్మకాల వరకు ఆగండి. అప్పుడు పాత ధర, తగ్గింపు శాతం రెండూ చీటీ మీద చూపించి తీరాలి. వీధిలో పరిచి అమ్మే నకిలీ బ్రాండు సంచుల జోలికి పోవద్దు. అక్కడి చట్టం కొన్నవారికీ జరిమానా విధిస్తుంది, అది 7,000 యూరోల వరకు వెళ్లవచ్చు. పాత వస్తువుల మీద మోజున్నవారికి రోమ్‌లో ఆదివారాల్లో పోర్త పొర్తేజె సంత, మిలాన్‌లో నెలలో చివరి ఆదివారం నవీల్యి కాలువ ఒడ్డున సంత, అరెత్సోలో 1968 నుంచి నెల మొదటి ఆదివారం, ముందు రోజు శనివారం జరిగే సంత ఉన్నాయి. వాటిలో పాత లేసు, గుండీలు, నమూనా పుస్తకాలు దొరుకుతాయి. 70 ఏళ్లు దాటిన కళాఖండంగా లెక్కకు వచ్చేది ఏదైనా కొన్నట్లయితే, దాన్ని దేశం దాటించే ముందు ఎగుమతి కార్యాలయంలో ప్రకటన గాని, అనుమతి గాని అవసరమవుతుంది కాబట్టి అమ్మిన వ్యక్తి నుంచి రసీదును, వస్తువు వివరాన్ని అప్పుడే రాయించుకోవాలి.