క్యాన్సర్ వార్డులో అసిస్టెంట్‌గా చేరేముందు: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

కొత్తగా చేరినవాళ్లను మొదటి వారం గమనిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. రోగి చెయ్యి పట్టుకుని లేపాల్సి వస్తే గ్లవ్స్ కోసం వెతుకుతారు. అదే రోగి యూరిన్ పాట్‌ని మాత్రం వట్టి చేతుల్తో తీసుకెళ్లి పారబోసి వచ్చేస్తారు. నేనూ అదే చేశాను. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు, ఊపిరి తగిలితే రాదు. కానీ కీమో మందు మాత్రం రోగి ఒంట్లోంచి మూత్రంలో, మలంలో, వాంతిలో, కొంత చెమటలో కూడా బయటికొస్తుంది. కణాల్ని చంపడమే దాని పని. అది రోగి కణమా, మీ కణమా అని చూడదు. అంటే భయం ఉండాల్సింది రోగి చేతి దగ్గర కాదు, పాట్ దగ్గర.

కీమో అయిపోయాక కనీసం 48 గంటలు ఆ రోగి మలమూత్రాల్నీ వాంతినీ మందుతో సమానంగా చూడాలి. కొన్ని మందులకు ఇది వారం దాకా ఉంటుంది. అందుకని డ్యూటీ ఎక్కగానే సిస్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ బెడ్‌కి కీమో ఎప్పుడు అయిపోయింది, ఎప్పటిదాకా జాగ్రత్త?" అన్నది. చిన్న కాగితం మీద బెడ్ నంబరు, గంట రాసి జేబులో పెట్టుకోండి. గుర్తుంటుందిలే అనుకుంటాం గానీ, నలుగురికి బెడ్‌పాన్ పెట్టేసరికి ఏదీ గుర్తుండదు.

గ్లవ్స్ అంటే ఏవో ఒకటి కాదు. పౌడర్ లేనివి కావాలి, కీమో మందులకు పరీక్షించినవని డబ్బా మీదే రాసి ఉంటుంది. మందు బ్యాగు గానీ, మందు కలిసిన తడి గానీ ముట్టుకునేటప్పుడు రెండు జతలు వేసుకుంటారు. చిరిగినా, మందు పడినా అప్పటికప్పుడు మార్చాలి, లేకపోయినా అరగంటకోసారి మార్చడం మంచిది. గౌను పొడుగు చేతులది, వెనక కట్టుకునేది, తడి లోపలికి దిగనిది ఉండాలి. చిందే అవకాశం ఉంటే కళ్లకు అద్దాలో ఫేస్ షీల్డో పెట్టుకోండి. మామూలు మాస్కు చుక్కల్ని ఆపుతుంది గానీ మందు ఆవిరిని ఆపదు. విప్పేటప్పుడు పై గ్లవ్స్ ముందు, లోపలి గ్లవ్స్ అన్నిటికన్నా చివర. తర్వాత సబ్బుతో, నీళ్లతో కడుక్కోవాలి. శానిటైజర్ ఇక్కడ పనికిరాదు. అది క్రిముల్ని చంపుతుందే తప్ప మందుని చంపదు, చెయ్యంతా పులుముతుంది. ఇంకో మాట. గ్లవ్స్ చేతుల్తో ఫోన్ ఎత్తేవాళ్లని చాలామందిని చూశాను. ఆ ఫోనే తర్వాత ఇంట్లో పిల్లల చేతికి వెళ్తుంది.

మూత్రాన్ని ఎత్తు నుంచి పొయ్యకండి, అంచుకు దగ్గరగా వంచి నెమ్మదిగా ఒంపండి. మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యండి. నడవగలిగే మగవాళ్లను కూడా కూర్చునే వెళ్లమనండి, చిందడం తగ్గుతుంది. తడిసిన దుప్పటిని దులపకుండా లోపలికి మడిచి విడి సంచిలో వేసి, మందు అంటిందని గుర్తు పెట్టండి. చెత్త సంచుల రంగులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి రంగుని నమ్ముకోకుండా సైటోటాక్సిక్ (కణాల్ని చంపే మందు) అన్న లేబుల్ చూసి వెయ్యండి.

మందు బ్యాగే పగిలి నేల మీద ఒలికితే మీరు చెయ్యాల్సిన మొదటి పని తుడవడం కాదు. అటువైపు ఎవరూ రాకుండా నిలబడి సిస్టర్‌ని కేకెయ్యండి. స్పిల్ కిట్, అంటే ఒలికిన మందు తుడిచే సామాను, ఎక్కడుందో చేరిన రోజే చూసుకోండి, ఒలికాక వెతికితే దొరకదు. తుడవమని చెప్తే బయటి అంచు నుంచి మధ్యకు రావాలి. మధ్యలో మొదలుపెడితే మరక పెద్దదవుతుంది. ఒంటి మీద పడితే ఆ బట్ట వెంటనే తీసేసి సబ్బునీళ్లతో బాగా కడగాలి. కంట్లో పడితే 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు పొయ్యాలి. ఆ తర్వాత రిపోర్టు రాయించాలి. "ఏం కాలేదులే" అని ఊరుకోకండి, ఈరోజు ఏం కాకపోవడం రుజువు కాదు. సూది గుచ్చుకున్నా అంతే. నొక్కి రక్తం పిండకుండా, కడుక్కుని వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇక పనిచెయ్యదనే లెక్క.

గోలీ రూపంలో ఉన్నా కీమో కీమోనే. మింగలేకపోతున్నారని చెంచాతో నలిపి ఇచ్చేవాళ్లున్నారు. దయ ఉన్నవాళ్లే చేస్తారు ఆ పని. నలిపితే పొడి గాల్లోకి లేస్తుంది, రోగికి అందాల్సిన మోతాదూ మారిపోతుంది. మింగలేకపోతున్నారని సిస్టర్‌కి చెప్పండి, అంతే. కడుపుతో ఉన్నవాళ్లూ, పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లూ, పాలిచ్చే తల్లులూ పైవాళ్లకు ముందే చెప్పి వేరే పని అడగండి. మొహమాటపడకండి, అది మీ హక్కు.

ఇక అనవసరపు భయం గురించి. చేరిన నెలలో ఒకరోజు ఒక పెద్దాయన పాట్ తీస్తే లోపల ఎర్రగా ఉంది. నా చెయ్యి వణికింది. రక్తం పోతోందనుకుని వరండా అంతా వినపడేలా సిస్టర్‌ని పిలిచాను. ఆవిడ వచ్చి చూసి, "పొద్దున ఎర్ర మందు ఎక్కించాం కదమ్మా" అంది. డాక్సోరూబిసిన్ అసలు రంగే అది, ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. నేను సిగ్గుపడ్డాను గానీ, నిజానికి పిలవడం తప్పు కాదు. అరవడం తప్పు. ఆ కేకకి పెద్దాయన ముఖం పాలిపోయింది, ఆయనకి రంగు సంగతి సర్దిచెప్పడానికి గంట పట్టింది. ఆ మందు తీసుకోని మనిషికి ఎర్రగా వచ్చినా, మూత్రంలో గడ్డలు కనిపించినా, రెండు రోజులు దాటాక కూడా రంగు తగ్గకపోయినా అది వేరే సంగతి, వెంటనే చెప్పాలి.

డ్రిప్ నడుస్తుండగా రోగి "సూది దగ్గర మంటగా ఉంది" అంటే మాత్రం ఎంత వేగంగా పిలిచినా తప్పులేదు. కొన్ని మందులు నరంలోంచి బయటికి కారితే అక్కడి చర్మం, కండ చచ్చిపోవచ్చు. మీరు సూది పీకొద్దు, పంపు మీద మీట నొక్కొద్దు, రుద్దొద్దు. ఐసు గానీ కాపడం గానీ మీ అంతట మీరు పెట్టొద్దు, ఏది పెట్టాలన్నది మందుని బట్టి మారుతుంది. డాక్సోరూబిసిన్ కారితే చల్లదనం మేలు, విన్‌క్రిస్టిన్ కారితే వెచ్చదనం మేలు. తారుమారైతే హాని ఎక్కువవుతుంది. ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు తీసుకున్నవాళ్లకు చల్లదనం అస్సలు పడదు. చల్లటి నీళ్ల సీసా అందిస్తే వేళ్లు కరెంటు కొట్టినట్టు జివ్వుమని సీసా జారవిడుస్తారు, గుటక వేస్తే గొంతు పట్టేసినట్టుంటుంది. గోరువెచ్చని నీళ్లే ఇవ్వండి, మంచం ఇనప కమ్మీని చేత్తో పట్టుకోకుండా చూడండి.

ఇంతదాకా చెప్పింది ఎక్కువగా మందువల్ల వచ్చే ప్రమాదం. మీవల్ల రోగికి వచ్చేది ఇంతకన్నా పెద్దది. చాలా మందులకు కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటుతాయి. వార్డులో "కౌంట్ పడిపోయింది" అంటారు. వాటిలో ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే రకం 500 కన్నా తగ్గిన మనిషికి మీ మామూలు జలుబు ఐసీయూ దాకా తీసుకెళ్లగలదు. ముక్కు కారుతుంటే ఫోన్ చేసి డ్యూటీ మార్పించుకోండి. "మాస్కు పెట్టుకుని వచ్చేస్తా" అనడం నిబద్ధత కాదు.

థర్మామీటర్ 38 డిగ్రీలు, అంటే ఫారిన్‌హీట్‌లో 100.4 చూపిస్తే అది ఎమర్జెన్సీ. గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. "జ్వరం గోలీ వేసి చూద్దాం" అనకండి, ఆ గోలీ జ్వరాన్ని దాచేస్తుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ వాడేవాళ్లలో జ్వరం పైకి కనపడకపోవచ్చు కూడా. వణుకు, తికమకగా మాట్లాడటం, మనిషి ఎందుకో తేడాగా ఉండటం, ఇవి మీటర్ కన్నా ముందు మీ కంటపడతాయి. రోజంతా పక్కన ఉండేది మీరే, డాక్టర్ కాదు. కౌంట్ పడిపోయినవాళ్లకు మలద్వారంలో థర్మామీటర్ గానీ ఎనిమా గానీ పెట్టొద్దు. ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లకు మెత్తటి బ్రష్షే వాడండి, బ్లేడుతో గడ్డం గీయకండి. పడిపోతే తలకి దెబ్బ తగల్లేదన్నా సరే చెప్పండి.

ఎముకలకు పాకిన క్యాన్సర్ ఉన్నవాళ్లను చంకల కింద చేతులు వేసి ఎత్తకండి. స్లైడింగ్ షీట్‌తో (ఒంటి కింద పరిచే జారుడు గుడ్డ), ఇద్దరుగా, ఒంటిని ఒకే దుంగలా తిప్పాలి. ఎముక మామూలు కదలికకే విరిగిపోవచ్చు. నిన్న నడిచిన మనిషి ఈరోజు కాళ్లు బరువెక్కాయి అన్నా, కొత్తగా వెన్నునొప్పి వచ్చినా, మూత్రం ఆగకపోయినా రాకపోయినా ఆ క్షణమే చెప్పండి. వెన్నుపాము నొక్కుకుపోతుంటే గంటలు ఆలస్యమైనా మళ్లీ నడవలేకపోవచ్చు.

రేడియేషన్, అదే జనం కరెంటు పెట్టించుకోవడం అంటారే, బయట నుంచి మిషన్‌తో ఇచ్చేదైతే ఆ రోగిలోంచి ఏ కిరణమూ రాదు. హాయిగా పక్కన కూర్చోండి. చర్మం మీద వేసిన గీతల్ని మాత్రం రుద్ది చెరపకండి. అయోడిన్-131 మింగినవాళ్లు, ఒంట్లోపల రేడియేషన్ మూలకం పెట్టినవాళ్లు వేరు. ఆ గదికి శిక్షణ లేకుండా వెళ్లకండి. మీకు ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే బ్యాడ్జి పెట్టుకుని, పని ముందే అనుకుని, త్వరగా ముగించి బయటికి రావాలి. ఒక మీటరు దూరాన్ని రెండు మీటర్లు చేస్తే మీకు తగిలే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది.

నాకు ఇప్పటికీ కష్టంగా అనిపించేది మందు కాదు, మాట. దుప్పటి సర్దుతుంటే చెయ్యి పట్టుకుని "నాకు నయమవుతుందా?" అని అడుగుతారు. బయట ఇంటివాళ్లు "జబ్బు పేరు చెప్పొద్దండీ" అని బతిమాలి ఉంటారు. అబద్ధం చెప్పకండి, మీకు తెలిసింది బయటపెట్టకండి. పని ఆపి, స్టూలు లాక్కుని కూర్చుని, "మీకు ఏమనిపిస్తోంది?" అని అడగండి. చాలాసార్లు వాళ్లకు తెలిసే ఉంటుంది. విన్నది సిస్టర్‌కి చెప్పండి, లిఫ్టులో తోటివాళ్లకి కాదు. ఎవరికో ఏదో ఆకు పసరు తాగితే తగ్గిందన్న కథలు మాత్రం వద్దు, అవి కీమోతో కలిసి ఏం చేస్తాయో మీకూ నాకూ తెలియదు.

డ్యూటీ దిగాక యూనిఫాం అక్కడే విప్పండి, వార్డు బూట్లు లాకర్‌లోనే వదిలెయ్యండి. జేబులో బెడ్ నంబర్లు రాసుకున్న ఆ కాగితం ఉంటుంది చూశారా, దాన్ని తర్వాతి షిఫ్టువాళ్లకు చదివి వినిపించి, వాళ్ల ముందే చింపేసి వెళ్లండి.