విటమిన్ కె ఇచ్చే ముందు: వార్డు సిస్టర్లకు జాగ్రత్తలు

ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చూపే పరీక్ష) 8 వచ్చిందని తెనాలి నుంచి గుంటూరుకు పరుగున వచ్చినవాళ్లు "వెంటనే ఇంజెక్షన్ చేయండమ్మా" అంటారు. వాళ్ల టెన్షన్ న్యాయమే. అయినా డాక్టరు ఆర్డరుతో పాటు ఇవి చూసుకోండి.

• రక్తం పలచబడటానికి ఏ మందు వాడుతున్నారు? వార్ఫరిన్, ఎసిట్రోమ్ అయితేనే విటమిన్ కె విరుగుడుగా పనిచేస్తుంది. అపిక్సబాన్, డబిగట్రాన్‌కు పనిచేయదు.

• చిగుళ్లలో, మూత్రంలో రక్తం, నల్లటి విరేచనం, తలకు దెబ్బ ఉన్నాయేమో అడగండి. ఇవేవీ లేక, ఐఎన్‌ఆర్ 10 లోపుంటే చాలామందికి మందు ఆపి మళ్లీ పరీక్ష చేస్తే చాలు.

• పెద్దవాళ్లకు విటమిన్ కె డోసు కిలోల లెక్కన ఉండదు, ఐఎన్‌ఆర్‌ను, రక్తస్రావాన్ని బట్టి ఉంటుంది. అయినా బరువు తూచండి. తీవ్ర రక్తస్రావంలో ఇచ్చే పిసిసికి (రక్తం గడ్డకట్టించే ప్రొటీన్ల ఇంజెక్షన్), పిల్లల డోసుకు కిలోలు కావాలి. మనిషిని చూసి అందాజుగా అరవై అని రాయడం ప్రమాదం.

• గుండెలో మెటల్ వాల్వు ఉందా? విటమిన్ కె డోసు ఎక్కువైతే వాల్వు మీద గడ్డ కట్టే ముప్పుంది. డాక్టరుకు మళ్లీ గుర్తుచేయండి, మొహమాటపడకండి.

• ఆంపూల్ మీద 1 మి.గ్రా. ఉందో 10 ఉందో ఇద్దరు చదవండి.

• కండకు వద్దు, లోపల రక్తం కారి గడ్డలా చేరవచ్చు. నరానికైతే సెలైన్‌లో కలిపి 20–30 నిమిషాలు ఎక్కించండి. తీవ్ర అలర్జీ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ దగ్గరుంచుకుని పక్కనే నిలబడండి.