రెండు సాలిడ్ స్టేట్ హెడ్‌ఫోన్ యాంప్‌ల సౌండ్‌ను సరిగ్గా పోల్చడం ఎలా?

రెండు నెలల పాటు నా బల్ల మీద రెండు హెడ్‌ఫోన్ యాంప్‌లు పక్కపక్కనే ఉండేవి. రెండూ సాలిడ్ స్టేట్ రకం, అంటే ట్రాన్సిస్టర్లతో చేసినవే, వాల్వులు లేవు. అందులో నల్లదానితో వింటే బేస్ నిండుగా ఉండేది, పాడేవాళ్లు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు అనిపించేది. రెండోదాంతో అదే పాట కాస్త చప్పగా వినిపించేది. రోజూ విన్నాను, రోజూ అదే అనిపించింది. ఒక రోజు మల్టీమీటర్ తెచ్చి రెండింటి అవుట్‌పుట్ కొలిచాను. చెవితో సమానం చేసుకున్నాననుకున్న చోట నల్లది 446 మిల్లీవోల్టులు ఇస్తోంది, రెండోది 412. అంటే డెసిబెల్స్‌లో 0.7 కూడా లేదు. ఆ కాస్త తేడానూ సరిచేసి మళ్లీ వింటే నిండుదనం లేదు, ఎదురుగా కూర్చోవడమూ లేదు. రెండూ ఒకటే.

అలాగని యాంప్‌లన్నీ ఒకేలా వినిపిస్తాయని నేను అనను. అదే బల్ల మీద, అదే మీటర్‌తో సమానం చేశాక కూడా తేడా స్పష్టంగా వినిపించిన జత ఇంకొకటి ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను. చెవి మంచి పరికరమే, కానీ అది మోసపోయే దారులు కొన్ని ఉన్నాయి. వాటిని ముందే మూసేస్తే, ఆ తర్వాత అది చెప్పేది నమ్మవచ్చు.

1. తేడా ఎక్కడి నుంచి రావచ్చో ముందు తెలుసుకోండి

ఈ రోజుల్లో ఓ మోస్తరు శ్రద్ధతో చేసిన సాలిడ్ స్టేట్ యాంప్ ఏదైనా 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా దాదాపు సమంగా పనిచేస్తుంది. డిస్టార్షన్ (సౌండ్ రూపు చెడడం) కూడా వినపడనంత తక్కువ. కాబట్టి తేడా రావాల్సిన చోట్లు కొన్నే మిగులుతాయి: అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (అవుట్‌పుట్ దగ్గర కరెంటుకు ఉండే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు), నాయిజ్, పవర్ చాలకపోవడం, ఎడమ కుడి చానెళ్లు సమంగా లేకపోవడం. వీటిలో మొదటిదే ఎక్కువ మందిని తికమక పెడుతుంది.

ప్రతి యాంప్‌లోనూ అవుట్‌పుట్ దగ్గర ఒక చిన్న రెసిస్టర్ ఉన్నట్టు ఊహించుకోండి. యాంప్ ఇచ్చే వోల్టేజ్‌లో కొంత ఆ రెసిస్టర్ తినేస్తుంది, మిగతాది హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు, మొత్తం సౌండ్ కాస్త తగ్గుతుంది, అంతే. కానీ చాలా డైనమిక్ (కాయిల్‌తో పనిచేసే మామూలు రకం) హెడ్‌ఫోన్లకు బేస్ దగ్గర ఇంపిడెన్స్ పెరుగుతుంది. పెట్టె మీద 32 ఓమ్‌లు అని రాసి ఉన్నది బేస్ దగ్గర 100 ఓమ్‌లకు చేరిందనుకుందాం. యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 10 ఓమ్‌లైతే, మధ్య స్థాయి స్వరాలు 2.4 డెసిబెల్స్ తగ్గుతాయి, బేస్ మాత్రం 0.8 తగ్గుతుంది. అంటే బేస్ ఒకటిన్నర డెసిబెల్ పైకి లేచినట్టే. ఇది ఊహ కాదు, నిజంగా వినపడే తేడా. అదే యాంప్‌కు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే ఈ ప్రభావం 0.1 డెసిబెల్ దగ్గరే ఆగిపోతుంది. ప్లానార్ మాగ్నెటిక్ (కాయిల్ బదులు పల్చటి పొరతో పనిచేసే) రకానికి ఇంపిడెన్స్ గీత గీసినట్టు సమంగా ఉంటుంది కాబట్టి దాదాపు ఏమీ కాదు. "ఈ యాంప్‌కు బేస్ ఎక్కువ" అని ఒకరు, "అసలేం లేదు" అని ఇంకొకరు అంటే, ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. వాళ్ల హెడ్‌ఫోన్లు వేరు.

హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకుండా యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఉంటే నిశ్చింత అని చాలామంది పాటించే లెక్క. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 4 ఓమ్‌లు. 1996 నాటి ఐఈసీ 61938 ప్రమాణం మాత్రం 120 ఓమ్‌లు ఉండాలని సూచించింది. పాత పరికరాల హెడ్‌ఫోన్ జాక్‌లలో పెద్ద అంకెలు కనపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మీ యాంప్ అంకె తెలియకపోతే కొలవడం కష్టం కాదు. ఏ లోడూ లేకుండా, అంటే యాంప్‌కు ఏమీ తగిలించకుండా, ఒక టోన్ ప్లే చేసి వోల్టేజ్ చూడండి. తర్వాత హెడ్‌ఫోన్ బదులు 33 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి మళ్లీ చూడండి. 500 మిల్లీవోల్టులు కాస్తా 465కు పడితే, 500ను 465తో భాగించి, వచ్చిన దాంట్లోంచి 1 తీసేసి, 33తో గుణించండి. సుమారు 2.5 ఓమ్‌లు వస్తుంది. అదే మీ యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్.

2. యాంప్ తప్ప మిగతాదంతా ఒకటే ఉండాలి

ఒకే ఫైల్, ఒకే డాక్ (డీఏసీ, డిజిటల్ ఫైల్‌ను యాంప్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం), ఒకే హెడ్‌ఫోన్. డాక్ లైన్ అవుట్ నుంచి స్ప్లిటర్ కేబుల్‌తో రెండు యాంప్‌లకూ సిగ్నల్ ఇవ్వండి. యాంప్‌ల ఇన్‌పుట్ ఇంపిడెన్స్ సాధారణంగా 10 వేల ఓమ్‌లు, ఆపైనే ఉంటుంది కనుక డాక్‌కు భారమేమీ కాదు. రెండు యాంప్‌లూ ఆన్‌లోనే ఉంచండి. ఆఫ్ చేసిన యాంప్ ఇన్‌పుట్ కొన్నిసార్లు సిగ్నల్‌ను పాడుచేస్తుంది. కంప్యూటర్‌లో, ఫోన్‌లో ఈక్వలైజర్, సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్ లాంటివి ఆపేయండి. రెండింటిలోనూ గెయిన్ స్విచ్ (యాంప్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో ఎంచుకునేది) ఉంటే తక్కువ మీద పెట్టండి. ఒక అరగంట అలా వదిలేస్తే లోపలి ట్రాన్సిస్టర్లు ఒక స్థిరమైన వేడికి వస్తాయి.

యాంప్ మార్చడానికి ప్లగ్ పీకి పెట్టవచ్చు, కానీ చిన్న స్విచ్ బాక్స్ ఉంటే చాలా మేలు. అది మొదటి యాంప్‌ను పూర్తిగా వదిలాకే రెండోదాన్ని అందుకునే రకం కావాలి. క్షణం పాటు రెండు అవుట్‌పుట్‌లూ ఒకదానికొకటి తగిలినా యాంప్ దెబ్బతినవచ్చు. బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌లైతే (ఒక్కో చానెల్‌కు విడిగా ప్లస్, మైనస్ వైర్లు ఉండేవి) మైనస్ వైర్లను ఎక్కడా గ్రౌండ్‌కు గానీ, ఒకదానితో ఒకటి గానీ కలపకూడదు. ఈ ఒక్క విషయంలో దయచేసి తొందరపడకండి.

3. హెడ్‌ఫోన్ పెట్టే ముందు డీసీ చూడండి

డీసీ అంటే పాట లేకపోయినా అవుట్‌పుట్‌లో ఒకే దిశలో నిలిచి ఉండే వోల్టేజ్, అది ఎక్కువైతే హెడ్‌ఫోన్ దెబ్బతినవచ్చు. పాటేమీ ప్లే చేయకుండా, మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి రెండు చానెళ్లూ కొలవండి. 10, 20 మిల్లీవోల్టుల లోపైతే పర్వాలేదు. 50 దాటితే ఆ యాంప్‌ను బాగు చేయించే దాకా మంచి హెడ్‌ఫోన్ దానికి పెట్టకండి.

4. వాల్యూమ్‌ను మీటర్‌తో సమానం చేయండి

మొత్తం పనిలో దేన్నైనా వదిలేయండి గానీ దీన్ని వదలకండి. సౌండ్ ఒక డెసిబెల్ లోపు పెరిగినప్పుడు మన చెవికి అది "పెద్దగా ఉంది" అని తోచదు. "నిండుగా ఉంది", "స్పష్టంగా ఉంది", "ప్రాణం ఉంది" అని తోస్తుంది. నాకు జరిగిందీ అదే. అందుకే రెండు యాంప్‌ల మధ్య తేడా 0.1 డెసిబెల్ లోపు ఉండాలి. వోల్టేజ్‌లో అది దాదాపు 1.2 శాతం. 500 మిల్లీవోల్టుల దగ్గర అయితే 6 మిల్లీవోల్టులు.

ముందు మొదటి యాంప్‌తో ఒక పాట పెట్టి, మీరు మామూలుగా వినే వాల్యూమ్‌కు తెచ్చుకోండి. ఇక ఆ నాబ్ ముట్టుకోవద్దు. హెడ్‌ఫోన్ తలమీంచి తీసి పక్కన పెట్టండి కానీ ప్లగ్ పీకకండి. లోడ్ ఉన్నప్పటి వోల్టేజే మనకు కావాలి. 400 హెర్ట్జ్ సైన్ టోన్ ప్లే చేయండి. చాలా మామూలు మీటర్లు ఆ ఫ్రీక్వెన్సీ దాకా సరిగ్గానే చదువుతాయి, పైగా అది బేస్ దగ్గరి ఇంపిడెన్స్ గుట్టకు దూరంగా ఉంటుంది. యాంప్ హెడ్‌ఫోన్ జాక్‌కు ఇంకో స్ప్లిటర్ పెట్టి, ఒక కొసకు హెడ్‌ఫోన్ తగిలించి, రెండో కొసకు పెట్టిన కేబుల్ ప్లగ్ దగ్గర మీటర్ పిన్నులు ఆనించండి. 3.5 మిల్లీమీటర్ల ప్లగ్‌లో కొన ఎడమ చానెల్, మధ్య రింగు కుడి చానెల్, మొదలు గ్రౌండ్. పిన్ను జారి రెండు భాగాలకూ ఒకేసారి తగలకుండా చూసుకోండి. అంకె రాసుకోండి. ఇప్పుడు రెండో యాంప్‌కు మార్చి, అదే అంకె వచ్చే దాకా దాని నాబ్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పండి.

మీటర్ ఎంత కచ్చితమైనది అని టెన్షన్ అక్కర్లేదు. రెండింటినీ కొలిచేది అదే మీటర్, అదే టోన్ కాబట్టి దాని తప్పు రెండు వైపులా సమానంగానే పడుతుంది. అయితే ఏసీలో మిల్లీవోల్టులు చూపించేదై ఉండాలి. 200 వోల్టుల రేంజ్ నుంచే మొదలయ్యే మీటర్ ఈ పనికి రాదు.

రెండు చానెళ్లూ కొలవండి. మామూలు వాల్యూమ్ నాబ్‌లలో, తిప్పడం మొదలైన చోట, ఎడమ కుడి మధ్య తేడా ఒక డెసిబెల్ దాటడం కొత్తేమీ కాదు. అలాంటప్పుడు డాక్ వైపు సిగ్నల్ తగ్గించి, యాంప్ నాబ్‌ను ఇంకాస్త పైకి తెచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

5. ఏది వింటున్నారో మీకు తెలియకూడదు

వాల్యూమ్ సమానం చేశాక మొదట కళ్ల ముందే, తెలిసే వినండి. తేడా ఎక్కడుందనిపిస్తోందో గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత అసలు పరీక్ష. బెల్ ల్యాబ్స్‌కు చెందిన మన్సన్, గార్డ్‌నర్ 1950లో వివరించిన ఏబీఎక్స్ పద్ధతి ఇప్పటికీ దీనికి చక్కగా పనికొస్తుంది. ఏ అంటే మొదటి యాంప్, బీ అంటే రెండోది, ఎక్స్ ఆ రెండింటిలో ఏదో ఒకటి. అదేదో మీరు చెప్పాలి.

ఇంట్లో ఒకరిని సాయానికి పిలవండి. వాళ్లు మీ వెనక కూర్చుని, ప్రతిసారీ నాణెం ఎగరేసి ఎక్స్ ఏదో నిర్ణయించి, కాగితం మీద రాసుకోవాలి. మీ జవాబు సరైనదో కాదో చివరి దాకా చెప్పకూడదు. ఇంకొక్క జాగ్రత్త: స్విచ్ అటు పడేటప్పటి టిక్కు, ఇటు పడేటప్పటి టిక్కు ఒకేలా ఉండవు. నాలుగైదు సార్లకే చెవి దాన్ని పట్టేస్తుంది. అందుకని ప్రతిసారీ స్విచ్‌ను రెండు మూడు సార్లు అటూ ఇటూ ఆడించి, అప్పుడు ఆపమనండి.

16 సార్లు చేయండి. ఊరికే ఊహించి చెప్పినా సగం సరిపోతాయి. 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరిపోతే, అది గాలివాటం కావడానికి 4 శాతం కన్నా తక్కువ అవకాశమే ఉంది. 10కి 8 వచ్చాయని సంబరపడకండి, అది గాలివాటంగా కూడా 5 శాతానికి మించే జరుగుతుంది. ఎన్నిసార్లు చేయాలో ముందే అనుకుని అక్కడే ఆపండి, మధ్యలో బాగా వస్తున్నాయని ముగించవద్దు. అలసిపోతే విరామం తీసుకోండి, తొందరేమీ లేదు.

తోడు ఎవరూ దొరక్కపోతే, హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి రెండు యాంప్‌ల అవుట్‌పుట్‌నూ మంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌తో రికార్డు చేసి, ఆ రెండు ఫైళ్లనూ ఫూబార్2000 అనే కంప్యూటర్ ఆడియో ప్లేయర్‌లోని ఏబీఎక్స్ కంపేరేటర్‌తో పోల్చుకోవచ్చు.

6. ఏం వినాలి, ఎలా వినాలి

పూర్తి పాట విని, యాంప్ మార్చి, మళ్లీ పూర్తి పాట వినడం వల్ల ఉపయోగం లేదు. సూక్ష్మమైన ధ్వని వివరాలు మనకు కొద్ది సెకన్ల పాటే గుర్తుంటాయి. 5 నుంచి 10 సెకన్ల ముక్క ఒకటి తీసుకుని దాన్నే తిప్పి తిప్పి వినండి. తోడు వాయిద్యాలు తక్కువగా ఉన్న ఆడగొంతు, పియానో, తాళాల మోత, నేలను తాకే బేస్ గిటార్ ఉన్న ముక్కలు పనికొస్తాయి. ఫ్రీక్వెన్సీ తేడాలు పట్టుకోవడానికి పింక్ నాయిజ్‌ను (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసి హోరులా వినిపించే పరీక్ష ధ్వని) మించింది లేదు. పాటలో దొరకని అర డెసిబెల్ తేడా కూడా అందులో "రంగు మారినట్టు" తెలిసిపోతుంది.

ఇంకొకటి, ఇది నేను ఆలస్యంగా గమనించాను. పరీక్ష నడుస్తున్నంత సేపూ హెడ్‌ఫోన్ తల మీద నుంచి తీయకండి, సర్దుకోకండి. చెవి మెత్త ఒక పిసరు ముందుకు జరిగినా, కళ్లజోడు కాడ దగ్గర చిన్న సందు పడినా, బేస్‌లో వచ్చే మార్పు రెండు మంచి యాంప్‌ల మధ్య తేడా కన్నా ఎక్కువగా ఉంటుంది.

7. నాయిజ్, పవర్ విడిగా చూడండి

పాట ఆపి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. సన్నగా సర్రుమనే చప్పుడు గానీ, జుయ్యిమనే మోత గానీ ఏ యాంప్‌లో ఎక్కువుందో వెంటనే తెలుస్తుంది. సున్నితమైన ఇయర్‌ఫోన్లు వాడేవాళ్లకు ఇదే అన్నిటికన్నా పెద్ద తేడా కావచ్చు.

పవర్‌కు లెక్క వేయండి. సంగీతంలోని గట్టి క్షణాలు 110 డెసిబెల్స్‌కు చేరాలనుకుందాం. ఒక మిల్లీవాట్‌కు 97 డెసిబెల్స్ ఇచ్చే 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు దాదాపు 2.5 వోల్టులు కావాలి, కరెంటు 8 మిల్లీయాంప్‌లు చాలు. ఒక మిల్లీవాట్‌కు 90 మాత్రమే ఇచ్చే 32 ఓమ్‌ల ప్లానార్‌కు 1.8 వోల్టులే, కానీ కరెంటు 56 మిల్లీయాంప్‌లు. మొదటిదాన్ని హాయిగా నడిపే యాంప్ రెండోదాని దగ్గర చతికిలపడవచ్చు. అప్పుడు గట్టి దెబ్బల దగ్గర సౌండ్ గరుకుగా, నలిగినట్టు వస్తుంది. దీన్ని వాల్యూమ్ పెంచి చెవితో పరీక్షించకండి. వారానికి 40 గంటలు వినేవాళ్లకు సగటు 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

8. తేడా నిలబడితే కారణం వెతకండి

మొదట్లో అన్న రెండో జత సంగతి. ఈసారి హెడ్‌ఫోన్ కాదు, లోపల నాలుగైదు చిన్న డ్రైవర్లుండే ఇయర్‌ఫోన్. దాని ఇంపిడెన్స్ కింది స్వరాల దగ్గర 40 ఓమ్‌లు, పై స్వరాల దగ్గర 10కి దిగుతుంది. సమానం చేసి పింక్ నాయిజ్‌తో పరీక్ష పెట్టుకుంటే 16కి 15 సరిపోయాయి. ఒక యాంప్‌తో పై స్వరాలు మెత్తబడినట్టు ఉన్నాయి. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ కొలిస్తే ఆ యాంప్‌ది 4.7 ఓమ్‌లు, రెండోదానిది 0.5. లెక్క వేస్తే పై స్వరాల దగ్గర దాదాపు 2 డెసిబెల్స్ తేడా.

అది నిజంగా దానివల్లేనా అని చూడటానికి, రెండో యాంప్ అవుట్‌పుట్‌లో ఒక్కో చానెల్‌కు 4.3 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో కలిపాను. వాల్యూమ్ మళ్లీ మీటర్‌తో సమానం చేసి, అదే పింక్ నాయిజ్, అదే కుర్చీ, మళ్లీ 16 సార్లు. ఈసారి 9 సరిపోయాయి.