పీటర్ లూగర్‌లో స్టేక్ తినబోయే వారికి

న్యూయార్క్‌లో, విలియమ్స్‌బర్గ్ వంతెన దాటి బ్రూక్లిన్‌లో అడుగుపెట్టగానే బ్రాడ్‌వే వీధిలో కనిపించే పీటర్ లూగర్ స్టేక్ హౌస్‌లో (స్టేక్ అంటే మందంగా కోసి కాల్చిన బీఫ్ ముక్క) మనం ఎంచుకోవలసింది తక్కువ, ఆ ఇంటి పద్ధతిని అనుసరించవలసింది ఎక్కువ. కొత్తగా వెళ్లినవారు అన్నిటిలో కొంచెం కొంచెం రుచి చూద్దామని పదిరకాలు తెప్పించి, అసలు వంటకం వచ్చేసరికి కడుపు నింపుకొని కూర్చుంటారు. అలా కాకుండా తక్కువ చెప్పి, పంచుకొని, వేడి తగ్గకముందే తినడమే అక్కడ బాగా భోంచేసే మార్గం.

ఈ హోటల్ 1887లో మొదలైంది. దాని యజమాని పీటర్ లూగర్ 1941లో మరణించిన తరువాత వ్యాపారం క్షీణించి, చివరకు 1950లో వేలానికి వచ్చింది. ఎదురుగానే లోహపు సామాను ఫ్యాక్టరీ నడుపుతూ, రోజూ అక్కడే భోజనం చేసే సాల్ ఫోర్‌మన్ దాన్ని కొన్నారు. అయితే ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆయన భార్య మార్షా చేసిన పని. మాంసం ఎంపిక ఆమె చేతికి వచ్చినప్పుడు, మాంసం నాణ్యతను నిర్ణయించే ప్రభుత్వ గ్రేడింగ్ శాఖలో పనిచేసి రిటైరైన వ్యక్తి దగ్గర శ్రద్ధగా నేర్చుకొని, టోకు మార్కెట్లకు స్వయంగా వెళ్లి, నచ్చిన ముక్క మీదనే ముద్ర వేయించడం మొదలుపెట్టారు. ఆ తరువాత ఆమె కూతుళ్లు, మనవరాలు కూడా అదే బాధ్యతను అందుకున్నారు. కుటుంబం నడిపే హోటల్ అంటే గోడ మీద తాతగారి ఫొటో ఉండడం మాత్రమే కాదని, సరుకు చూసే కన్ను ఇంట్లోనే ఉండడమని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

టేబుల్ ముందుగానే బుక్ చేసుకోవాలి. శని, ఆదివారాల సాయంత్రాలకైతే మరీ ముందుగా చూసుకోవాలి. మొదటిసారి వెళ్లేవారికి వారం మధ్యలో మధ్యాహ్న భోజనం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే రద్దీ తక్కువగా ఉంటుంది, వెయిటర్లకు నాలుగు మాటలు చెప్పే తీరిక దొరుకుతుంది, పైగా అక్కడి పేరున్న బర్గర్ మధ్యాహ్నం పూట మాత్రమే దొరుకుతుంది. జెర్సీ సిటీలో ఉండే మనవాళ్లు పాత్ రైలులో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఫుల్టన్ స్ట్రీట్ స్టేషన్‌కు నడిచి, జె రైలు ఎక్కి మార్సీ అవెన్యూలో దిగితే హోటల్ కొద్ది నిమిషాల నడక దూరంలోనే ఉంటుంది.

డబ్బు విషయం ఇంటి దగ్గరే సరిచూసుకోవాలి. ఈ హోటల్ దశాబ్దాల పాటు మామూలు క్రెడిట్ కార్డులు తీసుకోకుండా నగదు, అమెరికన్ బ్యాంకుల డెబిట్ కార్డులు, హోటల్ తానే ఇచ్చే సొంత కార్డు మీదనే నడిచింది కనుక, ఇప్పుడు ఏది చెల్లుతుందో టేబుల్ బుక్ చేసేటప్పుడే అడగాలి. ముఖ్యంగా భారతదేశపు కార్డు పట్టుకొని వచ్చిన అతిథులు ఈ మాట మరవకూడదు. మెనూలోని ధర మీద 8.875 శాతం అమ్మకపు పన్ను, అదే ధర మీద 18 నుంచి 20 శాతం టిప్పు కలుస్తాయి. అంటే తిన్నదాని విలువ 300 డాలర్లయితే, చేతి నుంచి పోయేది 387 డాలర్ల దాకా ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తే, అడగవలసింది పోర్టర్‌హౌస్. మధ్యలో ఆంగ్ల టి ఆకారపు ఎముక, ఒక పక్క గట్టి రుచి గల స్ట్రిప్, రెండో పక్క వెన్నలాంటి టెండర్‌లాయిన్ ఉంటాయి. ఈ టెండర్‌లాయిన్ కనీసం అంగుళంపావు వెడల్పు ఉంటేనే ఆ ముక్కకు పోర్టర్‌హౌస్ అనే పేరు చెల్లుతుంది. ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి అని కొలతలు చెబుతారు. పక్క వంటకాలు కూడా తెప్పించుకుంటే నలుగురు పెద్దవాళ్లకు ముగ్గురి కొలత చాలునని నా సలహా.

ఈ మాంసాన్ని తాజాగా వండరు. చల్లని గదిలో గాలి ఆడేలా వారాల తరబడి ఉంచుతారు. ఈ కాలంలో నీరు తగ్గి రుచి చిక్కబడుతుంది, మాంసంలోనే ఉండే ఎంజైములు కండరపు పోగులను మెత్తబరుస్తాయి, ఎండిపోయిన పై పొరను కోసి పారేస్తారు. ధర అంత ఎక్కువగా ఉండడానికి ఈ తరుగు ఒక ముఖ్య కారణం.

ఎంత కాల్చాలని వెయిటర్ అడిగినప్పుడు, బల్ల మొత్తానికి ఒకే మాట చెప్పాలి. ఇంట్లో వేటమాంసం ఎముక నుంచి ఊడేదాకా ఉడికించుకునే అలవాటున్న మనకు ‘బాగా కాల్చండి’ అనాలనిపించడం సహజమే గాని, ఇది ఉడికితే మెత్తబడే రకం మాంసం కాదు. ఎక్కువ కాల్చినకొద్దీ బిగుసుకుంటుంది. మీడియం రేర్ అంటే లోపలి వేడి 54 నుంచి 57 డిగ్రీల సెల్సియస్, మీడియం అంటే 60 నుంచి 63. కోసినప్పుడు ఊరే ఎర్రని రసం నెత్తురు కాదు, మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కలిసిన నీరు. మొదటిసారి తినేవారు మీడియంతో మొదలుపెట్టినా తప్పులేదు. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు మాత్రం 63 డిగ్రీలకు తగ్గకుండా కాల్చినదే తినాలి.

స్టేక్‌ను వంటగదిలోనే ముక్కలుగా కోసి, ఎముక చుట్టూ తిరిగి అమర్చి, కరిగిన వెన్నతో బుసబుసలాడే పళ్లెంలో తెస్తారు. వెయిటర్ ఒక చిన్న ప్లేటును బోర్లించి, పళ్లెం ఒక అంచును దాని మీద ఆనిస్తాడు. అప్పుడు వెన్న, మాంసపు రసం పల్లానికి జారి మడుగు కడతాయి, ఆ రసాన్నే చెంచాతో తీసి ముక్కల మీద పోస్తాడు. ముక్క కొంచెం పచ్చిగా అనిపిస్తే వెనక్కి పంపనవసరం లేదు. పళ్లెం ఇంకా వేడిగా ఉండగానే దాని ఎత్తు అంచుకు ఆ ముక్కను నొక్కి ఉంచితే క్షణాల్లో రంగు మారుతుంది. స్ట్రిప్ నుంచి ఒకటి, టెండర్‌లాయిన్ నుంచి ఒకటి తీసుకొని, ఏ సాసూ వేయకుండా ముందు రుచి చూడాలి. బల్ల మీద ఉండే తీపి పుల్లని సాస్ టమాటా, ఉల్లి చక్రాలకు ఎంతో బాగుంటుంది. స్టేక్ మీద పోస్తే ఇన్ని వారాలు దాచిన రుచి దాని కింద పడిపోతుంది.

పక్కకు మందపాటి బేకన్ విడి ముక్కల లెక్కన వస్తుంది, ఇద్దరికి ఒక ముక్క చాలు. అది పంది మాంసమని తెలియనివారికి ముందే చెప్పాలి. పాలకూర క్రీమ్ వంటకం, జర్మన్ పద్ధతి బంగాళాదుంపలలో ఏదో ఒకటి తెప్పించుకుంటే సరిపోతుంది.

మన కుటుంబాల్లో కొందరు బీఫ్ తింటారు, కొందరు తినరు; అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేటప్పుడు తినని పెద్దవాళ్లను మొహమాటపెట్టకుండా ఈ సంగతి ఇంట్లోనే మాట్లాడుకోవాలి. వాళ్లకు గొర్రె చాప్స్, సాల్మన్ చేప ఉంటాయి. పూర్తి శాకాహారులకు మాత్రం ఇది తగిన చోటు కాదు. దుంపలు ఏ కొవ్వులో వేయించారో కూడా అడిగి తెలుసుకోవలసి వస్తుంది.

ఈ హోటల్ మీద విమర్శ లేకపోలేదు. 2019లో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు పీట్ వెల్స్ ఒక్క నక్షత్రం కూడా ఇవ్వలేదు, 2022లో మంచి హోటళ్లకు మిషెలిన్ గైడ్ ఇచ్చే నక్షత్రం కూడా పోయింది. వెయిటర్ల ముక్కుసూటితనం అందరికీ నచ్చదు. కాని ఏం కావాలో తెలుసుకొని వెళ్లి, ఒకే మాటలో చెప్పేవారితో వాళ్లు ఆదరంగానే ఉంటారు. ఎన్నిరకాలు చెప్పాలో తోచకపోతే వాళ్లనే అడగడం మంచిది.

మిగిలిన ముక్కలను, ఎముకను తప్పకుండా కట్టించుకొని, రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మైక్రోవేవ్‌లో పెడితే ముక్క చెప్పులా బిగుస్తుంది. మరునాడు ముక్కలను సన్నగా కోసుకొని, బాణలిలో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేగి మిరియాల పొడి చల్లిన తరువాత, పొయ్యి ఆపే ముందు మాత్రమే వేసి ఒకసారి కలిపితే చాలు. ఎముకను చారు కాచుకోవడానికి ఉంచుకోవచ్చు.