వెండి మచ్చపడినా బంగారం పగిలినా ముందు సరుకు సంగతి చూడండి (సమస్య - పరిష్కారం)

మా పెదనాన్న దగ్గర పని నేర్చుకునేటప్పుడు ముక్క పాడైతే ఆయన అడిగే మొదటి మాట "సరుకు ఎవరి దగ్గర తెచ్చావ్ రా" అనే. మంట ఎలా పెట్టావ్, టంకం (అతుకు పెట్టడానికి కరిగించే లోహం) ఎంత వేశావ్ అనేవి తర్వాత. అప్పట్లో విసుగొచ్చేది. ఇప్పుడు నేనే ఇంట్లో చిన్న బెంచ్ పెట్టుకుని వెండి, అప్పుడప్పుడు బంగారం పని చేస్తుంటే అర్థమవుతోంది, చాలా తిప్పలు మన చేతికి రాకముందే ఆ లోహంలో ఉంటాయి. కొత్తవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేవి, నాకు ఎదురైనవి ఇక్కడ రాస్తున్నా.

పాలిష్ అయ్యాక వెండిలో ఊదారంగు నీడ

తెల్ల కాగితం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, ముక్క మెరుస్తూనే ఉంటది కానీ అక్కడక్కడా మబ్బు పట్టినట్టు మచ్చ, ఎంత బఫ్ కొట్టినా పోదు. 925 వెండి అంటే 92.5 శాతం వెండి, మిగతా 7.5 శాతం మామూలుగా రాగి. కాల్చినప్పుడు గాలిలో ఆక్సిజన్ లోపలికి దూరి ఆ రాగిని పట్టుకుంటుంది, మచ్చ పైపొర కింద ఏర్పడుతుంది, అందుకే యాసిడ్ నీళ్ళలో వేస్తే పైన నలుపు పోతుంది కానీ ఇది అలాగే ఉంటది.

పోగొట్టాలంటే ఎమరీ పేపర్ తో ఆ పొర మొత్తం అరగదీయాలి, పల్చటి ముక్క అయితే బరువు పోద్ది చూసుకోండి. లేదా లేత బూడిద రంగు వచ్చేదాకా కాల్చి, యాసిడ్ నీళ్ళలో వేసి, ఇత్తడి బ్రష్ తో రుద్ది, మళ్ళీ కాల్చి, ఇలా ఐదారు సార్లు చేస్తే పైన మేలిమి వెండి పొర వచ్చి మచ్చని కప్పేస్తుంది. చెవి దిద్దులకి ఇది చాలు. ఉంగరాలకి, గాజులకి వద్దు, రాపిడికి ఆ పొర అరిగిపోయి కొన్నాళ్ళకి మచ్చ మళ్ళీ బయటపడుద్ది.

అసలు రాకుండా చూసుకోవడమే నయం. బోరిక్ పౌడర్ ని స్పిరిట్ లో కలిపి ముక్కని ముంచి తీయండి, స్పిరిట్ డబ్బాకి మూత పెట్టి దూరంగా జరిపాకే అంటించండి (ఇది మాత్రం మర్చిపోవద్దు), స్పిరిట్ మండిపోయి తెల్లటి పూత మిగులుతుంది, ఆ పూత మీద టంకం పని చేసుకోవాలి. వేడి కూడా సాగదీయకుండా త్వరగా ముగించాలి. కరీంనగర్ ఫిలిగ్రీ లాంటి తీగపనికి మేలిమి వెండి ఎందుకు నప్పుతుందో ఇక్కడే తెలుస్తుంది, మెత్తగా వంగుతుంది, రాగి లేదు కాబట్టి ఈ మచ్చా రాదు. ఇంకోటి, మిగిలిన 925 ముక్కల్నే మళ్ళీ మళ్ళీ కరిగిస్తుంటే ఆక్సైడ్ పేరుకుపోతుంది, కరిగించేటప్పుడు కనీసం సగం కొత్త సరుకు కలపండి.

యాసిడ్ నీళ్ళలోంచి తీస్తే వెండికి రాగి రంగు

ఇనప పట్టకారు ముంచారు, అంతే. లేదా ముక్కకి కట్టిన ఇనప తీగ విప్పకుండా వేశారు. నీళ్ళలో ఉన్న రాగి వచ్చి వెండి మీద కూర్చుంటుంది. ఇనుము తీసేసి, కొత్తగా కలిపిన యాసిడ్ లో వేసి బ్రష్ చేయండి, పోతుంది. రాగి పట్టకారో చెక్కదో వాడండి. నేనైతే యాసిడ్ బదులు వేడి నీళ్ళలో నిమ్మ ఉప్పు వేస్తా, కొంచెం నిదానం కానీ ఇంట్లో పిల్లలున్నప్పుడు అదే మేలు.

టంకం పారట్లేదు, బంతిలా నిలబడిపోతోంది

దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే, మంట టంకం మీద పెడుతున్నారు. టంకం వేడి ఉన్న వైపు పరిగెడుతుంది కాబట్టి ముక్క మొత్తాన్ని వేడి చేయాలి, రెండు ముక్కల్లో బరువైనదాన్ని ముందు. అతుకు దగ్గర సందు ఉంటే వెలుతురుకి పెట్టి చూడండి, వెలుగు కనపడితే టంకం ఆ సందుని నింపదు. అతుకు మీద జిడ్డు ఉండటం, వెలిగారం (టంకం పారడానికి అతుకుకి రాసే బోరాక్స్) చాలకపోవడం మిగతా కారణాలు.

రోలింగ్ లో బంగారం అంచులు పగిలిపోతున్నాయి

ముందు తేలికైన కారణాలు చూడండి. రోలర్ల మధ్య నొక్కి పల్చన చేసేటప్పుడు మధ్యలో కాల్చి మెత్త చేయకుండా లాగుతున్నారా? 925 వెండి అయితే 650 డిగ్రీల దరిదాపుల్లో, లైట్ ఆపేసి చూస్తే మసక గులాబీ ఎరుపు కనపడేదాకా కాల్చాలి. 18 క్యారెట్ రోజ్ గోల్డ్ అయితే కాల్చాక గాలికి వదిలేస్తే పెళుసవుతుంది, ఎరుపు తగ్గగానే నీళ్ళలో ముంచాలి.

ఇవన్నీ సరిగ్గా చేసినా పగులుతోందంటే సీసం గురించి ఆలోచించండి. ఒకావిడ వాళ్ళ అమ్మగారి పాత గొలుసు తెచ్చి గాజు చేయమన్నారు, కరిగించి రోలర్ లో పెట్టగానే బిస్కెట్ విరిగినట్టు విరిగింది, మళ్ళీ కరిగించా, మళ్ళీ విరిగింది. తర్వాత మిగిలిన లంకెలు భూతద్దంలో చూస్తే ఎప్పుడో ఎవరో తగరం సీసం కలిసిన టంకంతో రిపేర్ చేసినట్టు బూడిద రంగు అతుకు. బంగారాన్ని పాడుచేయడానికి సీసం చాలా కొంచెం చాలు, షాపుల్లో పెట్టే టెస్టింగ్ మెషిన్ లో అంత తక్కువ మోతాదు కనపడకపోవచ్చు కూడా. ఆవిడకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పా, బంగారం రిఫైనరీకి పంపి మేలిమిగా తెప్పించా, ఆ ఖర్చు నేనే పెట్టుకున్నా ఎందుకంటే కరిగించక ముందు చూడాల్సింది నేనే. వెలిగారం ఎంత వేసినా సీసం బయటికి రాదు, రిఫైనింగ్ ఒక్కటే దారి, దాన్ని ఇంట్లో యాసిడ్లతో చేయొద్దు. అప్పట్నుంచి పాత నగ ఏదొచ్చినా ప్రతి అతుకూ చూసి, బూడిద రంగు కనపడితే ఆ భాగం కోసి పక్కన పెట్టి, రంపం పొట్టులో అయస్కాంతం తిప్పి ఇనప రజను తీసేసి, అప్పుడే మూసలో (లోహం కరిగించే గిన్నె) వేస్తున్నా.

టంకం పెట్టేటప్పుడు గోధుమరంగు పొగ, రాత్రికి జ్వరం, ఛాతీలో బిగుతు

దయచేసి దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. అది కాడ్మియం కావచ్చు. "కేడీఎం నగ" అని మనవాళ్ళు గొప్పగా చెప్పుకునేది కాడ్మియం కలిపిన టంకం గురించే, 92 పాళ్ళ బంగారం, 8 పాళ్ళ కాడ్మియం, అతుకు దగ్గర కూడా స్వచ్ఛత తగ్గదని వాడేవాళ్ళు. కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది, టంకం కరిగే వేడికి ఆవిరైపోయి కంసాలి ముక్కులోకే పోతుంది. పీల్చిన వెంటనే ఏమీ అనిపించకపోవచ్చు, కొన్ని గంటలయ్యాక ఫ్లూ లాగా మొదలవుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదకి రావచ్చు, కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి పీలిస్తే కిడ్నీల్లో చేరి కూర్చుంటుంది. అలా అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా హాస్పిటల్ కి వెళ్ళి కాడ్మియం పొగ పీల్చానని డాక్టర్ కి చెప్పండి.

టంకం కొనేటప్పుడు కాడ్మియం లేనిదని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడ కొనకండి. పాత కేడీఎం నగ రిపేర్ కి వస్తే అతుకుల్లో కాడ్మియం ఉందనే అనుకుని, పొగని మొహం దగ్గరికి రాకముందే బయటికి లాగే ఫ్యాన్ కింద చేయండి, అది లేకపోతే ఆ పని ఒప్పుకోవద్దు. గుడ్డ మాస్కు దీన్ని ఆపదు. ఎథికల్ నగ (ఎవరికీ హాని జరగకుండా తయారైన నగ) అనగానే అందరం ఎక్కడో ఆఫ్రికా గని గురించి మాట్లాడతాం, కుంపటి ముందు కూర్చున్న మన మనిషి ఊపిరితిత్తులు కూడా ఆ లెక్కలోవే అని నా గట్టి నమ్మకం.

కెంపు తెల్లబడి గీతలు పడింది

సీసపు గాజు నింపిన కెంపు అది. పగుళ్ళున్న చవక రాయిలో గాజు కరిగించి నింపుతారు, యాసిడ్ తగిలినా మంట తగిలినా ఆ గాజు చెడిపోతుంది, నిమ్మ ఉప్పు నీళ్ళు కూడా చాలు. బాగు చేయలేం, రాయి మార్చాల్సిందే. కొనేటప్పుడే 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం) లో తిప్పి చూడండి, లోపల బుడగలు, నీలం మెరుపు కనపడతాయి. ముత్యాలు కూడా యాసిడ్ కి కరిగిపోతాయి కాబట్టి రాళ్ళు, ముత్యాలు ఎప్పుడూ చివర్లోనే పొదగండి. ఇంకా, హైదరాబాద్ ముత్యాలని మనం అమ్మేవాటిలో చాలావరకు చైనా మంచినీటి ముత్యాలే, అడిగినవాళ్ళకి ఆ మాట చెప్పడంలో తప్పేం లేదు.

"రీసైకిల్డ్ అన్నారు, రుజువేది?" అని కస్టమర్ అడిగారు

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి అమ్మేటప్పుడు ఇది ఎక్కువ వస్తోంది. రీసైకిల్డ్ అంటే గనిది కాకుండా పాత నగలు కరిగించి తీసిన బంగారం. అడగడం న్యాయమే. చిన్న గనుల్లో పాదరసంతో బంగారం పట్టి, ఆ ముద్దని మంట మీద కాల్చి పాదరసాన్ని గాల్లోకి వదిలేస్తారు, మనుషుల వల్ల గాల్లో కలిసే పాదరసంలో అతి పెద్ద వాటా ఈ పనిదే. సమస్య ఏంటంటే మనం కొనే బిస్కెట్ లో గని బంగారం, పాత నగల బంగారం కలిసిపోయి ఉంటాయి, కొట్టువాడికీ తెలీదు.

నేను చేస్తున్నది ఇది. బిస్కెట్ మీద రిఫైనరీ పేరు, సీరియల్ నంబర్ ఉన్నవే కొని ఫోటో తీసి బిల్లుతో కలిపి పెడుతున్నా. ఒక కస్టమర్ పాత బంగారం ఇంకొకరిదాంట్లో కలపకుండా, ఒక్కో మూసకి ఒక నంబర్ రాసి నోట్‌బుక్ లో ఏ నగ ఏ మూసలోంచి వచ్చిందో రాస్తున్నా. పాత నగకి హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ తో పాటు నగ మీద ఉండే గుర్తింపు నంబర్) ఉంటే కరిగించే ముందు హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ కేర్ యాప్ లో చూస్తా. గని బంగారమే కావాలి, కానీ తవ్వినవాళ్ళకి న్యాయం జరగాలి అనుకునేవాళ్ళకి ఫెయిర్‌మైన్డ్, ఫెయిర్‌ట్రేడ్ సర్టిఫికెట్ సరుకు గురించి చెప్తా, ఫెయిర్‌ట్రేడ్ లో కిలో బంగారానికి 2000 డాలర్లు అదనంగా తవ్వేవాళ్ళ సంఘానికి వెళ్తాయి. మన దగ్గర చిన్నవాళ్ళకి గ్రాముల్లో దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ, అదీ చెప్తా.

బిల్లు మీద "ఎథికల్" అనే మాట రాయడం మానేశా. "మీ పాత గొలుసు 11 గ్రాములు, ఫలానా రిఫైనరీ మేలిమి బంగారం 4 గ్రాములు, టంకంలో కాడ్మియం లేదు, కెంపు ఎక్కడిదో తెలీదు" అని రాసిస్తున్నా. ఆ చివరి మాట చూసి ఒకరిద్దరు ఆర్డర్ వదిలేశారు, మిగతావాళ్ళు రాయి మార్చమన్నారు.