లినక్స్ ల్యాప్‌టాప్ పవర్ పాఠాలు – 3: మూత మూసినా బ్యాటరీ ఎక్కడికి పోతోంది?

పోయిన పాఠంలో స్క్రీన్ వెలుతురు, సీపీయూ స్పీడు సంగతి చూశాం. ఈసారిది నన్ను బాగా ఏడిపించిన సమస్య. రాత్రి 80 శాతం ఉండగా మూత మూసి పడుకుంటే పొద్దున్నకి 50. ఓసారి విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సులో వస్తూ, సూర్యాపేట దగ్గర టీకి దిగుదామని ఒళ్లో ఉన్న బ్యాగు పక్కన పెట్టబోతే ఇస్త్రీ పెట్టెలా కాలుతోంది.

అప్పుడు అందరూ చేసేదే నేనూ చేశాను, బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ అనే ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేసేశాను. ఏమీ మారలేదు. టీఎల్‌పీ మంచిదే, కాకపోతే అది తగ్గించేది ముఖ్యంగా మెషిన్ మేలుకుని ఉన్నప్పటి ఖర్చు. మనం తేల్చుకోవాల్సింది వేరే: అసలు పడుకుందా, పడుకుంటే ఎంత గాఢంగా పడుకుంది, మధ్యలో ఎవరైనా లేపారా?

(కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి.)

ముందు కొలవండి. /సిస్/క్లాస్/పవర్_సప్లై/బ్యాట్0/ఎనర్జీ_నౌ ఫైల్లో మిగిలిన శక్తి మైక్రోవాట్-అవర్లలో ఉంటుంది. కొన్ని మెషిన్లలో దాని బదులు ఛార్జ్_నౌ ఉంటుంది, అది మైక్రోఆంపియర్-అవర్లు, రెండూ కలిపేయకండి. నాది రాత్రి 4 కోట్లు, 8 గంటల తర్వాత రెండున్నర కోట్లు. అంటే 15 వాట్-అవర్లు పోయాయి, సగటున దాదాపు 1.9 వాట్లు. నిద్రపోతున్న మెషిన్‌కి ఇది చాలా ఎక్కువ.

పడుకుందో లేదో జర్నల్‌సీటీఎల్ -కె (కెర్నల్ లాగ్ చూపించే కమాండ్) చెబుతుంది. అందులో "సస్పెండ్ ఎంట్రీ" అనే లైను వెతకండి. అది లేనే లేదంటే మూత మూసినా మెషిన్ మేలుకునే ఉంది. సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ --లిస్ట్ కొడితే నిద్రని ఎవరు ఆపుతున్నారో కనబడుతుంది. బయటి మానిటర్ తగిలించి ఉన్నా అంతే, సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులని నడిపేది) దాన్ని డాక్‌లో ఉన్నట్టు లెక్కేసి మూతని పట్టించుకోదు. అది బగ్ కాదు, డిఫాల్టే.

ఎంట్రీ లైను ఉంటే /సిస్/పవర్/మెమ్_స్లీప్ ఫైలు చూడండి. ఎస్2ఐడిల్, డీప్ అని రెండు మాటలుండి ఒకదాని చుట్టూ చదరపు బ్రాకెట్లు ఉంటాయి, ప్రస్తుతం నడిచేది అదే. డీప్‌లో ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోతుంది. ఎస్2ఐడిల్ కోడికునుకు లాంటిది: ప్రోగ్రాములు ఆగుతాయి, సీపీయూ ఖాళీగా కూర్చుంటుంది, కానీ ఒక్క డివైస్ మొండికేసినా చిప్‌సెట్ కింది స్థాయికి దిగదు, బ్యాటరీ కారుతూనే ఉంటుంది.

డీప్ అనే మాట ఉంటే, రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) ఆ ఫైల్లోకి డీప్ అని రాసి ఒకసారి పరీక్షించండి. ముందు పనంతా సేవ్ చేసుకోండి, కొన్ని మెషిన్లు డీప్‌లోకి వెళ్లాక తిరిగి లేవవు. రీబూట్ చేస్తే ఈ మార్పు పోతుంది. బాగా పనిచేస్తే గ్రబ్‌లో (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రాము) కెర్నల్ ఆప్షన్లకి మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్ చేర్చండి, ఉబుంటు, డెబియన్ వాళ్లు అప్‌డేట్-గ్రబ్ కూడా నడపాలి. ఎస్2ఐడిల్ ఒక్కటే కనబడితే మాత్రం ఫర్మ్‌వేర్ (బయాస్) డీప్‌ని ఇవ్వడం లేదని అర్థం, గ్రబ్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో బయాస్‌లోనే స్లీప్ స్టేట్‌ని లినక్స్‌కి మార్చే వీలుంది, ముందు అక్కడ చూడండి.

ఇంతకీ నా బస్సు కథలో దొంగ ఇవేవీ కాదు. లాగ్‌లో ఎంట్రీ, ఎగ్జిట్, మళ్లీ ఎంట్రీ, ఎగ్జిట్... దారంతా అదే వరస. యూఎస్‌బీలో వైర్‌లెస్ మౌసు రిసీవర్ వదిలేశాను, మౌసు కూడా అదే బ్యాగులో ఉంది, బస్సు ఊగినప్పుడల్లా అది నొక్కుకుంటోంది. మెషిన్ లేస్తుంది, మూత మూసే ఉంది కదా అని కాసేపటికి మళ్లీ పడుకుంటుంది.

ఎవరెవరికి లేపే హక్కుందో /ప్రాక్/ఏసీపీఐ/వేకప్ ఫైల్లో ఉంటుంది. నాకు ఎక్స్‌హెచ్‌సీ, అంటే యూఎస్‌బీ కంట్రోలర్, ఎనేబుల్డ్ అని ఉంది. రూట్‌గా ఆ పేరు అదే ఫైల్లోకి రాస్తే డిసేబుల్ అవుతుంది. జాగ్రత్త, ఇది లైటు స్విచ్ లాంటిది, పనిచేసిందో లేదోనని రెండోసారి రాస్తే మళ్లీ ఎనేబుల్ అయిపోతుంది. నేను అలాగే ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

ఇది కూడా రీబూట్‌తో పోతుంది. శాశ్వతం చేసే చిన్న సిస్టమ్‌డీ సర్వీసు నాలుగో పాఠంలో రాద్దాం, హైబర్నేట్ కూడా అక్కడే. ఈ రాత్రి పడుకునే ముందు ఎనర్జీ_నౌ అంకె, టైము ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, పొద్దున్న మూత తెరవగానే మళ్లీ రాయండి. నాలుగో పాఠంలో ఆ రెండంకెలు కావాలి.