కీమో మధ్యలో గిరి ప్రదక్షిణ దూరం: విరాళాల కోసం 32 కిలోమీటర్లు నడవాలనుకుంటే

రోజుకు పదివేల అడుగులు అన్న లెక్కతో మాత్రం మొదలుపెట్టకండి. విరాళాల కోసం పెట్టే నడక చాలెంజ్‌లు ఎక్కువగా ఆ లెక్కతోనే ఉంటాయి. ఆ అంకె ఏ డాక్టరో రాసిచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఒక అడుగులు లెక్కపెట్టే పరికరం పేరులోంచి వచ్చింది. క్యాన్సర్‌కి కీమో ఎక్కించుకుంటున్న మనిషికి రోజులు ఒకేలా ఉండవు. సోమవారం బీచ్ రోడ్డు దాకా వెళ్లిన కాళ్లే గురువారం బాత్రూమ్ దాకా వెళ్లడానికి మొరాయిస్తాయి. రోజువారీ టార్గెట్ పెట్టుకుంటే మొదటి వారంలోనే ఓడిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే రోజు లెక్క వద్దు, సైకిల్ లెక్క, అంటే ఒక కీమో నుంచి తర్వాతి కీమో దాకా ఉండే రోజుల లెక్క, పెట్టుకోండి.

మాది విశాఖపట్నం. రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకుంటూ నేను నడిచాను. మా ఊళ్లో నడక అనగానే గుర్తొచ్చేది సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి జనం కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. నేను ఆ దూరాన్నే తీసుకుని రెండు కీమో సైకిళ్లకు సర్దుకున్నాను. మీ ఊళ్లో మీకు మనసున్న దూరం ఏదైనా తీసుకోండి. ఎంత దూరమో అందరికీ తెలిసింది అయితే, విరాళం ఇచ్చేవాళ్లకు వేరే వివరించక్కర్లేదు.

లెక్క ఇలా వేసుకోవచ్చు. మూడు వారాలకోసారి కీమో అయితే రెండు సైకిళ్లకు 42 రోజులు. కీమో రోజులు, ఆ తర్వాత లేవలేని రోజులు, రక్తపరీక్షలకు వెళ్లే రోజులు, అనుకోకుండా వచ్చిపడేవి అన్నీ కలిపి 17 రోజులు తీసేయండి. మిగిలిన 25 రోజుల్లో రోజుకు కిలోమీటరుంపావు పైచిలుకు పడుతుంది. మెల్లగా నడిస్తే ఇరవై నిమిషాలు. పొద్దున పది, సాయంత్రం పది చేసినా చాలు. వారం వారం కీమో ఉన్నవాళ్లు వారానికి ఇంత అని పెట్టుకోవాలి. రోజూ రేడియేషన్‌కి వెళ్లేవాళ్లకు ఆ ప్రయాణంలోనే సగం ఓపిక పోతుంది కాబట్టి దూరం ఇంకా తగ్గించుకోండి.

ఎవరికైనా చెప్పే ముందు మీ ఆంకాలజిస్టుకి, అంటే క్యాన్సర్ డాక్టరుకి చెప్పండి. "నేను నడవచ్చా మేడమ్" అని అడిగితే "నడవండమ్మా, మంచిదే" అంటారు, అక్కడితో అయిపోతుంది. కాగితం మీద రాసుకెళ్లండి: ఇన్ని వారాలు, రోజుకు ఇంత దూరం, ఫలానా చోట. హిమోగ్లోబిన్ ఎంతకు పడితే ఆపాలి? ప్లేట్‌లెట్లు ఎంతకు పడితే బయటికి వెళ్లకూడదు? జబ్బు ఎముకల్లోకి వెళ్లి ఉంటే ఏ ఎముక మీద భారం పడకూడదు? ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్ ఎక్కిస్తుంటే, దాని ప్రభావం గుండె మీద పడొచ్చు కాబట్టి ఎకో (గుండె స్కాన్) రిపోర్టు ఎలా ఉందో కూడా అడగండి. ఆ అంకెలు మీ ఫైలు మొదటి పేజీలో రాయించుకుంటే, ప్రతి సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టు రాగానే మీరే చూసుకోవచ్చు. చికిత్స సమయంలో నడక మంచిదే అన్నదాంట్లో పెద్ద వివాదం లేదు. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, జబ్బు నయం చేసే ఉద్దేశంతో చికిత్స జరుగుతున్నవాళ్లకు వ్యాయామం సూచించాలని స్పష్టంగా చెప్పింది. నీరసం తగ్గడం దానివల్ల కలిగే లాభాల్లో ఒకటి. ఎంత, ఎప్పుడు అన్నది మాత్రం మీ రిపోర్టులను బట్టి.

ఇక సైకిల్లో ఏ రోజులు ఎలా ఉంటాయో తెలుసుకోండి. కీమోతో పాటు స్టెరాయిడ్ ఇస్తే మొదటి ఒకటి రెండు రోజులు హుషారుగా ఉంటుంది, నిద్ర కూడా పట్టదు. ఆ హుషారు చూసి మూడు కిలోమీటర్లు నడిచేయకండి, అది మందు హుషారు. దాని ప్రభావం తగ్గాక ఒక్కసారిగా నీరసం కమ్ముతుంది. తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ తీసుకుంటే నడుము, తుంటి, తొడ ఎముకలు లోపలి నుంచి సలుపుతాయి. ముందే తెలియకపోతే చాలా టెన్షన్ పడతాం. చాలా రకాల కీమోల్లో ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ వారం జనంలోకి వద్దు. మా బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపేస్తారు, గాలి బాగుంటుంది, కానీ ఆదివారం పూట తిరునాళ్లలా ఉంటుంది. ఆ వారమంతా నేను మా అపార్ట్‌మెంట్ కారిడార్లోనే నడిచాను. టేపు పెట్టి కొలుచుకోండి. 20 మీటర్ల కారిడార్ అయితే ఈ చివర నుంచి ఆ చివరకు 50 సార్లు నడిస్తే కిలోమీటరు. అది కూడా పూర్తిగా లెక్కలోకి వస్తుంది. హాస్పిటల్ వరండాలో సెలైన్ స్టాండ్ తోసుకుంటూ వేసిన అడుగులూ వస్తాయి. మూడో వారం ఒంట్లో బలం వచ్చినప్పుడు బయటికి వెళ్లండి, ఎండ ఎక్కకముందే.

నడుస్తూ పక్కవాళ్లతో మామూలుగా మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే.

పాదాల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పాక్లిటాక్సెల్ లాంటి మందులకు అరికాళ్లు మొద్దుబారతాయి. నాకు వేళ్ల కింద ఏదో మందపాటి గుడ్డ ఉన్నట్టుండేది. అప్పుడు బూటులో చిన్న రాయి పడినా తెలియదు, బొబ్బ వచ్చినా తెలియదు. బూట్లు వేసుకునే ముందు తలకిందులుగా దులిపి, చెయ్యి లోపలికి పెట్టి తడమాలి. మేజోళ్ల కుట్టు వేళ్లకు రాసుకోకుండా తిరగేసి వేసుకోవడం నాకు బాగా పనిచేసింది. ఇంటికి రాగానే పాదాలు తుడుచుకుని వేళ్ల సందులు చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకుని చూడండి. చెప్పులతో, ఉత్తకాళ్లతో వద్దు. గుడికి వెళ్లినా ఈ కొన్ని నెలలు మేజోళ్లతోనే. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు తీసుకునేవాళ్లు చలిగాలిలో చేతులు, గొంతు కప్పుకోవాలి, చల్లటి నీళ్లు తాగకూడదు.

బ్యాగులో థర్మామీటర్, నీళ్లు, హాస్పిటల్ ఎమర్జెన్సీ నంబర్ రాసిన కార్డు ఉంచుకోండి. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే ఇక నడక మాట లేదు, డోలో వేసుకుని పొద్దున చూద్దాం అన్న మాట కూడా లేదు. అర్ధరాత్రయినా ఫోన్ చేసి హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే. ఛాతీలో నొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం, కళ్లు తిరగడం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఎక్కడి నుంచైనా రక్తం రావడం, కొత్తగా వచ్చిన నడుంనొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆగి డాక్టరుకి చెప్పండి.

తోడు లేకుండా వెళ్లకండి. నాతో మా ఆడపడుచు వచ్చేది. మా అమ్మాయి పాత క్యాలెండర్ వెనక తొలిపావంచా, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, ఇసుకతోట, సీతమ్మధార, కంచరపాలెం, ఎన్ఏడీ, గోపాలపట్నం, మళ్లీ సింహాచలం అని వరుసగా రాసి ఫ్రిజ్ పక్కన అతికించింది. కారిడార్లో నడిచిన రోజు కూడా అందులో గీత ముందుకు జరిగేది. "వదినా, ఇవాళ హనుమంతవాక దాటేశాం, ఇక చాలు, లోపలికి పద" అని తనే ఆపేది. మీకు కావాల్సింది ఇలాంటి తోడు. ఇంకొంచెం నడువు అనేవాళ్లు కాదు, ఇక చాలు అనేవాళ్లు.

డబ్బు విషయంలో ఒక్క నియమం గట్టిగా పెట్టుకోండి: కిలోమీటరుకు ఇంత అని ఎవరి దగ్గరా ఒప్పుకోవద్దు. అలా ఒప్పుకుంటే ఒళ్లు వెచ్చగా ఉన్న సాయంత్రం కూడా "ఇంకో కిలోమీటరు నడిస్తే ఐదువేలు వస్తాయి కదా" అనిపిస్తుంది. నడక పూర్తయినా కాకపోయినా ఇచ్చే మొత్తం ఇదీ అని మొదటి రోజే మాట తీసుకోండి. అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. దేనికోసం అడుగుతున్నారో కూడా సూటిగా చెప్పండి. నేను అడిగింది బయటి ఊళ్ల నుంచి వచ్చిన పేషెంట్ల కోసం. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి వచ్చి వారాల తరబడి రేడియేషన్ చేయించుకునేవాళ్లకు వైద్యం ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) జరిగినా, గది అద్దె, తోడుగా వచ్చిన మనిషి తిండి భారమవుతాయి. వెయిటింగ్ హాల్లో ఒక టిఫిన్ ప్యాకెట్ ఇద్దరు పంచుకోవడం చూశాక, దేనికి అడగాలన్న సందేహం నాకు రాలేదు.

ఆ డబ్బు మీ ఫోన్‌పేకి వేయించుకోకండి. మీ మందుల ఖర్చుతో కలిసిపోతుంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. విరాళం ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు వచ్చే రిజిస్ట్రేషన్ (80జీ అంటారు) ఉన్న ట్రస్టు ఖాతాకే నేరుగా వేయమనండి. పన్ను మినహాయింపు కావాలంటే పాత పన్ను విధానంలో ఉండాలి, నగదు అయితే 2,000 రూపాయలు దాటకూడదు, ట్రస్టు నుంచి విరాళం సర్టిఫికెట్ అందాలి. వాట్సాప్ గ్రూపు మీరు చూసుకోవద్దు, ఓపికున్న మేనల్లుడికో మేనకోడలికో అప్పగించండి. బొప్పాయి ఆకు రసం, వంటసోడా చిట్కాలు, "ఇంత జబ్బుతో నడకేంటమ్మా" అన్న మాటలు వాళ్ల దగ్గరే ఆగిపోతాయి. ఫోటో పెట్టాలా వద్దా అన్నది మాత్రం మీ ఇష్టమే. నేను కాళ్ల ఫోటో మాత్రమే పెట్టనిచ్చాను.

రక్తకణాల కౌంట్లు పెరగక కీమో వాయిదా పడొచ్చు, సర్జరీ తేదీ ముందుకు రావచ్చు. అందుకని మిగిలిన దూరం ఎవరు నడుస్తారో మొదలుపెట్టేటప్పుడే గ్రూపులో రాసి పెట్టండి. నా క్యాలెండర్ మీద ఎన్ఏడీ నుంచి సింహాచలం దాకా మా ఆడపడుచు పేరు, మా ఆఫీసువాళ్ల పేర్లు ఉన్నాయి. ఆ ముక్క వాళ్లే నడిచారు. విరాళంలో ఒక్క రూపాయి తగ్గలేదు.